పాలమూరు ఆముదం చేలు, ఒక చిన్న కందిరీగ

పాలమూరు, నల్లగొండ చల్క నేలల్లో ఆముదం ఒకప్పుడు పేరున్న వానాకాలపు మెట్ట పంట. దాని ప్రధాన శత్రువు దాసరి పురుగు. ఉధృతి పెరిగితే ఆకులో ఈనెలే మిగులుతాయి.

ఆ పురుగుకూ చేలోనే ఒక శత్రువుంది. మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ లేత పురుగుల ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి బయటికొచ్చి, పురుగు వెనక భాగాన్ని అంటుకుని తెల్లని గూడు కట్టుకుంటుంది. ఈ గూళ్లు కనిపిస్తున్న చేలో మందు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. పైసా ఖర్చు లేని ఇంత మంచి సలహా మెట్ట రైతుకు అరుదుగా దొరుకుతుంది.

క్రమంగా ఆముదం తగ్గి పత్తి పెరిగింది, దాంతోపాటే పిచికారీలూ పెరిగాయి. 2002లో, పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగుల మందులు కొంతకాలం తగ్గినా, గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడంతో ట్రైకోగ్రామా అనే మరో చిన్న కందిరీగను చేలో వదిలే కార్డుల అవసరం మళ్లీ ముందుకొచ్చింది. ఆ కార్డు మీది గుడ్ల నుంచి వెలువడే పరాన్నజీవి మిల్లీమీటరు కన్నా చిన్నది, పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. దానికి 25 నుంచి 28 డిగ్రీల వేడి అనుకూలం. 35 దాటితే ఆయుష్షు, సంతానం రెండూ తగ్గుతాయి. అందుకే కార్డులను సాయంత్రం పూట, ఆకు అడుగున కట్టమంటారు. వానల మధ్య బెట్ట పడే దక్షిణ తెలంగాణలో ఈ జాగ్రత్తను చిన్నదిగా చూడకూడదు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు, దాంతోపాటే వేడి పెరుగుతున్న కొద్దీ ఆముదం విషయంలో లెక్క ఇంకా చిక్కు. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, గాలిలో బొగ్గుపులుసు వాయువును పది లక్షల వంతులకు 550, 700 వంతుల దాకా పెంచి ఆముదం పెంచింది. ఆకులో నత్రజని తగ్గింది. దాసరి పురుగు ఎక్కువ ఆకు తిన్నది, పురుగు దశ కూడా సాగింది. దశ సాగితే కందిరీగకు వ్యవధి పెరగాలి. కానీ వేడి, ఒక హద్దు వరకు, పురుగు ఎదుగుదలను వేగిరపరుస్తుంది. కందిరీగకు కావలసింది లేత పురుగు. ఈ రెండు ప్రభావాల్లో ఏది గెలిస్తే, గుడ్డు పెట్టే ఆ కొద్ది రోజుల అదను అటు మారుతుంది. కాబట్టి తేదీ చూసి కాక, పురుగుల మీద తెల్ల గూళ్లు ఉన్నాయో లేవో చూసి పిచికారీ నిర్ణయించుకోవడం ఇప్పుడు మరింత అవసరం.