కొల్లేటి హద్దు ఎక్కడ?

కృష్ణా, గోదావరి నదులు వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోస్తూ తమ డెల్టాలను సముద్రం వైపు జరుపుకుంటూ పోగా, ఆ రెండింటి నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏర్లతో పాటు డెల్టా మురుగుకాలువలు కూడా ఇందులోకే వచ్చి చేరతాయి. ఇంత నీరు బయటికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. నేల దాదాపు చదునుగా ఉండడం వల్ల కొల్లేటికి స్థిరమైన ఒడ్డు లేదు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున నీరు నిలిస్తే సరస్సు సుమారు 901 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది, ఐదు అడుగుల దగ్గర 308 చదరపు కిలోమీటర్లకు, మూడు అడుగుల దగ్గర 135 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. ఆ చుట్టుపక్కల మామూలు జనం కూడా మాట్లాడుకునే ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అంటే ఐదు అడుగుల, మూడు అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే ఈ గీతలే. జీవవైవిధ్యానికీ ఆర్థికాభివృద్ధికీ మధ్య సమతుల్యం గురించి దేశమంతటా జరిగే చర్చ ఇక్కడ ఆ రెండు గీతల మధ్య రెండడుగుల ఎత్తు దగ్గరికి వచ్చి ఆగింది.

1999లో రాష్ట్ర ప్రభుత్వం ఐదో కాంటూరు వరకూ ఉన్న ప్రాంతాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అప్పటికే సరస్సు గర్భంలో చాలా భాగం చేపల చెరువులుగా మారిపోయింది.

ఈ మార్పును కేవలం దురాక్రమణగా చెప్పడం న్యాయం కాదు. తాటిదోనెల మీద తిరిగి వలలతో, మావులతో చేపలు పట్టుకుంటూ, వేసవిలో నీరు తీసిన చోట వరి వేసుకుంటూ బతికిన లంక గ్రామాలకు తుపాను వస్తే పంట దక్కేది కాదు, కరువొస్తే చేప దక్కేది కాదు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారులను సహకార సంఘాలుగా కూర్చి చెరువులు తవ్వించింది. బొచ్చె, శీలావతి, మోసు పెంపకం లాభసాటిగా నడిచి, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి లారీల కొద్దీ చేపలు ఐసులో పెట్టుకుని బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ వెళ్లడం మొదలైంది. దాంతో ఐసు ఫ్యాక్టరీలు, మేత వ్యాపారం, పట్టుబడి (చెరువులో పెరిగిన చేపలు పట్టే) ముఠాలు, రవాణా అన్నీ పెరిగాయి. అయితే పెట్టుబడి పెద్దదయ్యే కొద్దీ సంఘాల చెరువులు లీజుల మీద బయటివారి చేతుల్లోకి పోయాయి. నీటి మీద హక్కున్న మత్స్యకారుడు చాలాచోట్ల అదే చెరువు గట్టు మీద కూలిగా మిగిలాడు. కొల్లేటి అభివృద్ధి లెక్కలో ఈ ఒక్క అంశాన్ని వదిలేస్తే మిగతా లెక్కంతా తప్పుతుంది.

చేపల చెరువు నీటిని ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. తవుడు, చెక్క, ఎరువులు వేసి పెంచే చెరువులో చేప ఒంటికి పట్టేది వేసిన నత్రజని, భాస్వరాలలో కొంత భాగమే. మిగిలింది నీటిలోనూ అడుగు బురదలోనూ చేరి, పట్టుబడి రోజున చెరువు ఖాళీ చేసినప్పుడు కాలువల గుండా సరస్సులోకి వస్తుంది. ఆ పోషకాల మీద గుర్రపుడెక్క విపరీతంగా అల్లుకుంటుంది. దాని దట్టమైన పొర కింద వెలుతురు అందక నాచుమొక్కలు చస్తాయి, రాలి కుళ్లే ఆకు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. కొర్రమీను గాలి పీల్చి తట్టుకోగలదు, కానీ చాలా చిన్న చేపలకు ఆ శక్తి లేదు. కొల్లేటి నాటు చేపలు తగ్గడానికి ఇదొక కారణమైతే, వరదనీటితో పాటు గుడ్లు పెట్టే మెరకల మీదికి ఎక్కే దారిని గట్లు మూసేయడం మరో కారణం.

పక్షుల విషయంలో మనం తరచూ పొరబడుతుంటాం. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నాటిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్లు కడతాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా అక్కడ కనిపిస్తాయి. వాటిని చూసి కొల్లేరు బాగానే ఉందని సంతోషపడే సందర్శకులు చాలామంది. అయితే గూడబాతు పెద్ద చేపను సంచిలాంటి ముక్కుతో తోడుకునే పక్షి కనుక చేపల చెరువు దానికి తిండి పెట్టగలదు (అందుకే రైతులు దాన్ని తరమడానికి గట్ల మీద దారాలు కడతారు). జానెడు లోతు నీటిలోనూ తడి బురదలోనూ పురుగులు ఏరుకునే ఉల్లంకిపిట్టలకు, వలస బాతులకు, కిక్కిస పొదల్లో గూడు కట్టే పిట్టలకు నిటారు గట్లున్న లోతు చెరువు ఎందుకూ పనికిరాదు. ఆటపాకలో గూళ్లు నిండాయి కాబట్టి సరస్సు ఆరోగ్యంగా ఉందనుకోవడానికి వీల్లేదు.

ఇక వరద. ఐదో కాంటూరు వరకూ ఖాళీగా ఉంచిన కొల్లేటిలో నీరు ఒక్క అడుగు పెరిగితే సుమారు 3.3 టీఎంసీలు ఇముడుతుంది. సరస్సును మూడో కాంటూరుకు కుదించి, పైభాగమంతా గట్లతో మూసేస్తే అదే అడుగుకు దక్కే చోటు 1.5 టీఎంసీల లోపే. తేడాగా మిగిలిన నీరు ఊళ్ల మీదికీ వరిచేల మీదికీ వెనక్కి తన్నుకొస్తుంది. అటు వేసవిలో కొల్లేటి మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు ఎదురెక్కి నీటిని ఉప్పగా మారుస్తుంది, అప్పుడు నష్టపోయేది చేపల రైతు కూడా. ఈ సేవలకు ఏ ఖాతాలోనూ విలువ కట్టలేదు కాబట్టి చెరువు ఆదాయం మాత్రమే అభివృద్ధిలా కనిపిస్తోంది.

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాలతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లు తెగగొట్టారు. నీరు తిరిగి పారింది. కానీ జిరాయితీ (సొంత పట్టా) భూములున్న రైతులకు పరిహారమూ, మత్స్యకారులకు మరో బతుకుతెరువూ అంత వేగంగా అందలేదు. అసంతృప్తి పెరిగి, 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు. ఈలోగా తెగిన గట్లు మళ్లీ లేచాయి.

నా అభిప్రాయంలో ఐదో కాంటూరును తగ్గించకూడదు. అయితే ఆ గీతను కాపాడే భారం అక్కడి పేదల మీద మాత్రమే వేయడం కుదరదు. అభయారణ్యం ఉత్తర్వు సంప్రదాయ చేపల వేటను నిషేధించలేదు కనుక, పారే నీటిలో వేట హక్కును లంక గ్రామాల మత్స్యకారులకు పేరుపేరునా రాసిచ్చి, దాన్ని లీజుకు ఇచ్చే వీలు లేకుండా చేయవచ్చు. జిరాయితీ భూములను ప్రభుత్వం తగిన ధరకు కొనాలి, ఎందుకంటే ఆ నేల వరదను మోసేది విజయవాడ, ఏలూరు వైపున్న లక్షల మంది కోసం కూడా. కాంటూరు బయటి చెరువులు కొనసాగవచ్చు, కాకపోతే పట్టుబడి నీటిని మడుగులో నిలబెట్టి తేర్చాకే కాలువలోకి వదలాలన్న షరతు ఉండాలి. వీటన్నిటికంటే ముందు ఐదో కాంటూరు ఎక్కడెక్కడ పోతుందో సర్వే చేసి, ప్రతి ఊరి దగ్గరా హద్దురాళ్లు పాతాలి. ఏ చెరువు లోపలిదో ఏది బయటిదో తేలనంత కాలం కోర్టు ఉత్తర్వుకైనా, పరిహారపు చెక్కుకైనా చిరునామా దొరకదు.