పిల్లి దవడ గురించి

చిన్నూకు, బుజ్జికి,

మునగ మొక్కకు గుంట తీస్తుంటే పిల్లి దవడ దొరికిందనీ, అది ఇంటి పిల్లిదా, అడవి పిల్లిదా చెప్పమనీ రాశారు. తొందరపడి పేరు పెట్టకండర్రా. మనిషి పంచన చేరాక కుక్క ఎముకలు చాలా మారాయి గానీ పిల్లివి పెద్దగా మారలేదు. చదువుకున్నవాళ్లే తికమకపడతారు.

నా చిన్నప్పుడు మాకు కిరాణా కొట్లో ఖాతా ఉండేది. నెలాఖరున నాన్న వెనకే వెళ్లేవాణ్ణి. పద్దు పుస్తకం విప్పితే ఏ ఇంట్లో ఏం తిన్నారో తెలిసిపోయేది. మా పద్దులో కొర్రలే ఎక్కువ, బియ్యం పండక్కే. ఆ నెల బెల్లం కూడా ఉండేది, ఇంటికొచ్చేలోపు సగం నా జేబులోకి చేరేది. ఎముక కూడా అలాంటి పద్దు పుస్తకమే. కొర్ర మొక్క గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరు వేరు, వరి, గోధుమలది వేరు. ఆ తేడా తిన్నవాళ్ల ఎముకల్లో నిలిచిపోతుంది.

చైనాలో చువాన్‌హుత్సున్ అనే చోట 5,300 ఏళ్ల నాటి పిల్లి ఎముకలు దొరికాయి. పద్దు చూస్తే కొర్రల జాడ! పిల్లి కొర్రలు తింటుందా? గాదెలో కొర్రలు ఎలుక తింది, ఎలుకను పిల్లి తింది. ఎలుక బాకీ పిల్లి ఖాతాలో పడింది. వాటిలో ఒకటి పళ్లరిగేదాకా బతికింది కూడా. అవి మనుషుల మధ్య మెలిగిన పిల్లులని 2013లో రాశారు. 2016లో దవడల ఆకారం కొలిస్తే అసలు మన ఇంటి పిల్లి జాతే కాదని తేలింది. చిరుతలా మచ్చలుండే చిన్న అడవి పిల్లి అది, మన దేశంలోనూ ఉంది. పద్దులో సరుకులు సరిపోయాయి, సంతకం మాత్రం ఇంకొకరిది.

సైప్రస్ దీవిలో ఇంకో వింత. అక్కడ సహజంగా పిల్లులే ఉండేవి కావు. అయినా 9,500 ఏళ్ల నాటి ఒక మనిషి సమాధికి 40 సెంటీమీటర్ల దూరంలో, ఎనిమిది నెలల పిల్లిని విడిగా గుంట తీసి పూడ్చారు. దాని ఎముకలు అడవి పిల్లి ఎముకల్లాగే ఉన్నాయి. కానీ సముద్రం మీద పిల్లి ఈదుకుంటూ రాదు కదా! ఎవరో పడవలో తెచ్చుకున్నారు. ఒళ్లో పెట్టుకున్నారో, బుట్టలో పెట్టారో. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మీ దవడను కడిగి, ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో చీటీ మీద రాసి ఉంచండి. సాయంత్రం మీ పిల్లి ఆవులించినప్పుడు దగ్గర కూర్చుని లోపలికి చూడండి.

మీ తాతయ్య