ఇళ్లు, జోనింగ్, రోడ్లు: మార్కెట్ మీద అపోహలు - వాస్తవాలు

పట్టణ ప్రణాళిక పనిలో ఉన్నవాళ్లకు తరచూ వినిపించే మాటలివి. ఇళ్ల ధరలు పెరిగితే కొందరు మార్కెట్‌ను తిడతారు, కొందరు ప్రభుత్వాన్ని. ఆ ఊళ్లో అసలు ఏ నిబంధన అమల్లో ఉందో మాత్రం ఇద్దరూ అడగరు.

అపోహ: జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధన) లేకపోతే ఇంటి పక్కనే ఫ్యాక్టరీ లేస్తుంది.

వాస్తవం: అమెరికాలోని పెద్ద నగరాల్లో మామూలు జోనింగ్ చట్టం లేనిది హ్యూస్టన్ ఒక్కటే. 1948, 1962, 1993లలో ఓటింగ్ పెట్టినా జనం వద్దన్నారు. అయినా ఖరీదైన కాలనీల్లోకి ఫ్యాక్టరీలు రాలేదు. వాటికి కావాల్సింది చవక స్థలం, లారీలు తిరిగే రోడ్డు. పేదల పేటల సంగతి వేరు. నగరపాలక సంస్థ తన సొంత చెత్త డంపులను నల్లజాతి వారి పేటల్లోనే పెట్టింది. అది మార్కెట్ చేసిన పని కాదు.

అలాగని అక్కడ ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టేస్తారనుకోకండి. చాలా కాలనీల్లో ఇంటి దస్తావేజులోనే షరతులుంటాయి. దుకాణం పెట్టకూడదు, ఇంత ఎత్తు దాటకూడదు వగైరా. ఎవరైనా మీరితే నగరపాలక సంస్థే కోర్టుకు వెళ్లగలదు. నన్నడిగితే హ్యూస్టన్ నుంచి నేర్చుకోవాల్సింది 1998 నాటి చిన్న సవరణ. నగర మధ్యభాగంలో ఒక ఇంటికి ఉండాల్సిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400 దాకా తగ్గించుకోనిచ్చారు. దాంతో పాత ఇల్లు ఒకటి ఉన్నచోట మూడు సన్నటి ఇళ్లు లేచాయి. మా వీధికి ఇది వద్దు అనుకున్నవాళ్లు సంతకాలు సేకరించి పాత కొలతే ఉంచుకునే వీలు కూడా ఉంది. పెద్ద గొడవ లేకుండా పని జరగడానికి ఆ వెసులుబాటే కారణమని నేననుకుంటాను.

అపోహ: ఇళ్ల విషయంలో హాంకాంగ్, సింగపూర్ స్వేచ్ఛా మార్కెట్‌కు నమూనాలు.

వాస్తవం: వ్యాపారంలో కావచ్చు, ఇళ్ల విషయంలో కాదు. హాంకాంగ్‌లో భూమి దాదాపు అంతా ప్రభుత్వానిదే, కట్టుకునేవాళ్లకు దక్కేది లీజు. సింగపూర్‌లో నాలుగింట మూడొంతుల మందికి పైగా ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు.

అపోహ: కొత్తగా కట్టేవన్నీ ఖరీదైన ఫ్లాట్లే, సామాన్యుడికి ఒరిగేదేం లేదు.

వాస్తవం: కొత్త ఫ్లాట్ దొరకలేదని డబ్బున్నవాడు ఊరు వదిలిపోడు. పాతదానికే ఎక్కువ అద్దె ఇచ్చి చేరతాడు. ఖాళీ చేయాల్సి వచ్చేది అంతకుముందు అక్కడున్నవాళ్లే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో నివాస ప్రాంతాల్లో దాదాపు నాలుగింట మూడొంతుల స్థలంలో మునుపటికంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చింది. తర్వాతి ఏళ్లలో నిర్మాణ అనుమతులు బాగా పెరిగాయి. అయితే దీని ఫలితం అందడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అద్దె సాయం చేయక తప్పదు. మార్కెట్ పేరు చెప్పి ఆ ఖర్చు ఎగ్గొట్టాలని చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అపోహ: అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ ఫ్రీ.

వాస్తవం: ఫ్లాట్‌కు ఇన్ని కార్లకు చోటు చూపించాల్సిందే అని రూల్ పెడితే సెల్లార్ తవ్వకం, కాంక్రీటు, ర్యాంపు ఖర్చంతా ఫ్లాట్ ధరలో కలుస్తుంది. కారే లేనివాడూ దానికి డబ్బు కడతాడు. చిన్న స్థలాల్లో ఇంకో చిక్కు, ర్యాంపుకే చోటు చాలక ప్రాజెక్టే ఆగిపోతుంది. అమెరికా నగరాలైన బఫెలో 2017లో, మినియాపొలిస్ 2021లో ఈ రూల్ తీసేశాయి. తీసేశారంటే పార్కింగ్‌ను నిషేధించారని కాదు (ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారు). ఎంత చోటు కావాలో కట్టేవాళ్లు, కొనేవాళ్లు తేల్చుకుంటారు.

అపోహ: రోడ్డు మీద రద్దీ రుసుము (రద్దీ తగ్గించేందుకు వాహనాల దగ్గర వసూలు చేసే డబ్బు) పెడితే జనం ఒప్పుకోరు.

వాస్తవం: ముందైతే ఒప్పుకోరు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006 మొదట్లో కొన్ని నెలలు ప్రయోగంగా వసూలు చేశారు. నగర మధ్యలోకి వచ్చిపోయే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. ఆ సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది ఉండనివ్వమన్నారు. 2007లో శాశ్వతం చేశారు.

అపోహ: బస్సులను పూర్తిగా ప్రైవేటుకు వదిలేస్తే పోటీతో అంతా బాగుపడుతుంది.

వాస్తవం: బ్రిటన్ 1986లో లండన్ బయట అదే చేసింది. లాభం వచ్చే రూట్లలో బస్సులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి, మొత్తం మీద ప్రయాణికులు తగ్గారు. లండన్‌లో మాత్రం రూట్లు, టైమింగులు, ఛార్జీలు ప్రభుత్వ సంస్థే నిర్ణయించి, బస్సులు నడిపే పనిని టెండర్లు పిలిచి కంపెనీలకు ఇచ్చింది. పోటీ అక్కడా ఉంది, కాకపోతే రోడ్డు మీద కాదు, టెండర్ దగ్గర. గ్రేటర్ మాంచెస్టర్ 2023 నుంచి ఆ పద్ధతికే మారింది.