"మావాడు క్యాసియో వాయిస్తాడు": సింథసైజర్ల మీద అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్లలో ఎవరికైనా నన్ను పరిచయం చేసేటప్పుడు మా పెద్దమ్మ "మావాడు ఆఫీసు నుంచి వచ్చాక క్యాసియో వాయిస్తాడు" అంటుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. సరిదిద్దాలంటే ముందు సింథసైజర్ అంటే ఏంటో చెప్పాలి, అది భోజనాల బంతిలో తేలే వ్యవహారం కాదు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఉప్పల్‌లో అద్దింటి వెనక గది. అందులో ఒక టేబులు, రెండు సింథసైజర్లు, పాత ల్యాప్‌టాప్, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతాయో నాకే తెలియని వైర్లు. సినిమా వాళ్లకు పని చేయను, కంపెనీ లేదు. నా ట్రాకులు నేనే చేసుకుని నేనే పెట్టుకుంటాను. చుట్టాలూ కొలీగ్సూ కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లూ తిప్పితిప్పి అవే మాటలు అడుగుతుంటారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: సింథసైజర్ అంటే కీబోర్డే కదా

మన ఇళ్లలో కీబోర్డంటే క్యాసియో, క్యాసియో అంటే కీబోర్డు. ఫ్లూట్ బటన్ నొక్కితే ఫ్లూట్, సితార్ నొక్కితే సితార్ లాంటిదేదో వస్తుంది. వాటిలో శబ్దాలు ముందే చేసి పెట్టి ఉంటాయి. సింథసైజర్‌లో శబ్దాన్ని మనమే తయారు చేసుకోవాలి. హోటల్ నుంచి సాంబారు తెచ్చుకోవడానికీ, కందిపప్పు కడగడం దగ్గర నుంచి మొదలుపెట్టడానికీ ఉన్నంత తేడా.

తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉండి తీరాలని కూడా లేదు. 1960ల మధ్యలో అమెరికాలో ఇద్దరు దాదాపు ఒకే సమయంలో ఈ పని మొదలుపెట్టారు. న్యూయార్క్ వైపు రాబర్ట్ మోగ్ తన మెషిన్‌కు మామూలు మెట్లు పెట్టాడు. శాన్ ఫ్రాన్సిస్కో వైపు డాన్ బుక్లా ఆ మెట్లు వద్దనుకుని, వేలితో తాకే రేకులు పెట్టాడు. మోగ్ దారే ఎక్కువమందికి నచ్చింది. అందుకే ఈరోజుకీ సింథసైజర్ బొమ్మ గీయమంటే అందరూ మెట్లే గీస్తారు. నా రెండింటిలో ఒకదానికి మెట్లే లేవు, అన్నీ గుబ్బలూ వైర్ల కన్నాలే. దాన్ని చూసిన మా బావ "ఇది వోల్టేజ్ స్టెబిలైజరా?" అన్నాడు.

పెద్దమ్మ మాట పూర్తిగా తప్పని కూడా అనలేను. క్యాసియో 1984లో తెచ్చిన సీజెడ్-101 చిన్న మెట్లున్న నిఖార్సైన సింథసైజర్.

అపోహ: బటన్ నొక్కితే మెషినే పాట చేసి పెడుతుంది

మెషిన్ తనంతట తాను చేసేది ఒక్కటే. స్విచ్ వేయగానే ఒకే స్వరం మీద "బుయ్"మని మోగుతుంది, మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. అలా మోగేదాన్ని ఆసిలేటర్ అంటారు. దాని సౌండ్‌లో మనకు అక్కర్లేని పదునును జల్లెడ పట్టేది ఫిల్టర్. శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా చచ్చిపోవాలి అనేది ఎన్వలప్ చూసుకుంటుంది. ముఖ్యమైన సామాను ఇంతే. మిగతాదంతా చెవి పని.

పోయిన దసరా ముందు ఒక ట్రాక్‌కి డప్పు కావాలనిపించింది. రికార్డు చేసిన డప్పు వాడొచ్చు. కానీ మెషిన్‌తోనే పుట్టించాలని పట్టుదల. డప్పు కొట్టే లావు కర్రను చిర్ర అంటారు. దాని దెబ్బకు సైన్ వేవ్, అంటే పదును లేని నునుపైన శబ్దం తీసుకుని 250 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, రెప్పపాటులో 90కి జారేలా పెట్టాను. తోలు మీద దెబ్బ పడగానే స్వరం పై నుంచి కిందికి జారుతుంది కదా, అదే. రెండో చేతిలో ఉండే సన్న పుల్లకు, అంటే చిటికెన పుల్లకు వట్టి హిస్ శబ్దం, దాన్ని 3000 హెర్ట్జ్ దగ్గర వడగట్టి, 30 మిల్లీసెకండ్లలో ఆరిపోయేలా కత్తిరించాను. ఇలా చెప్తే రెండు వాక్యాలు. చేసేటప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. 30ని 45 చేస్తే పుల్ల కాస్తా చీపురు అయిపోతుంది, 20 చేస్తే గోరుతో గీకినట్టు వస్తుంది.

బ్రహ్మాండంగా కుదిరిందనుకుని, మా వీధి చివర ఉండే డప్పు కొట్టే అన్నకు ఫోన్‌లో వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని, "తోలు కాచకుండనే కొట్టినవా?" అన్నాడు. డప్పును వాయించే ముందు మంటకు కాస్తారు, తోలు బిగుస్తుంది, అప్పుడే ఖంగున మోగుతుంది. నాది చల్లటి డప్పన్నమాట. ఇంటికొచ్చి కింది స్వరాన్ని 90 నుంచి 130కి లేపి, ఫిల్టర్ ఇంకొంచెం తెరిచాను. మర్నాడు మళ్లీ వినిపిస్తే "ఇగ కాగింది" అన్నాడు. ఈ ట్రాక్‌కి ఇంకెవరు ఏ కామెంట్ పెట్టినా నాకు పట్టింపు లేదు.

అపోహ: ఈ సరదాకు లక్షలు పోయాలి

పోయాలంటే పోయొచ్చు, అడ్డేం లేదు. ఆ పిచ్చి నాకూ ఒక రెండేళ్లు పట్టింది, ట్రాకుల కంటే పెట్టెలు ఎక్కువ వచ్చాయి ఇంటికి. కానీ మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్ చాలు. ల్యాప్‌టాప్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు ఉన్నాయి. సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఉచితం, వైటల్‌కు ఉచిత వెర్షన్ ఉంది. 1983 నాటి యమహా డీఎక్స్7 సౌండ్ కావాలంటే డెక్స్‌డ్ ఉంది, అదీ ఉచితమే. వైర్లు గుచ్చే సింథసైజర్ ఎలా ఉంటుందో చూడాలంటే వీసీవీ ర్యాక్ ఉంది. ఒక్క వైటల్‌నే ఆరు నెలలు తిప్పండి, తర్వాత కూడా కొనాలనిపిస్తే కొనండి.

కొత్తవాళ్లు కంగారు పడేది ఒకటుంది: మెట్టు నొక్కాక సౌండ్ ఆలస్యంగా వస్తోందని. సౌండ్‌ను కంప్యూటర్ కొంచెం కొంచెం కూడబెట్టుకుని పంపుతుంది, ఆ కూడబెట్టే కొలతే బఫర్. సెట్టింగుల్లో బఫర్ 1024 ఉంటే దాదాపు 23 మిల్లీసెకండ్ల ఆలస్యం, వేలికి తెలుస్తుంది. 128కి తగ్గిస్తే దాదాపు 3. మీకు మీటరు దూరంలో ఉన్న స్పీకర్ నుంచి సౌండ్ మీ చెవికి చేరడానికీ అంతే పడుతుంది. కాబట్టి ముందు బఫర్ చూడండి, కొత్త ల్యాప్‌టాప్ తర్వాత సంగతి.

డబ్బు అసలు పెట్టాల్సింది కరెంటు మీద. దీని గురించి ఎవరూ చెప్పరు. నా పాత సింథసైజర్ ఒక ఎండాకాలం సాయంత్రాల్లో జుయ్యిమని మొదలుపెట్టింది. పాడైందనుకుని రిపేరుకి ఇచ్చాను. వాళ్లు పది రోజులుంచుకుని, ఒక కెపాసిటర్ మార్చామని బిల్లు వేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ జుయ్యి. చివరికి గమనించిందేంటంటే, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే ఆ మోత. చౌక ఇన్వర్టర్లు ఇచ్చేది నునుపైన సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే స్క్వేర్ వేవ్. అంటే మా హాల్లో మూలన కూర్చున్న ఇన్వర్టర్ కూడా ఒక ఆసిలేటరే, ఇన్నాళ్లూ నా ట్రాకుల్లో అది కూడా పాడుతోంది! మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అది దాదాపు ఐదు శ్రుతి, మన ఆడవాళ్లు పాడే ఐదు శ్రుతికి రెండు స్థాయిలు కింద. ఆ నెలంతా ట్రాకులు ఐదు శ్రుతిలోనే చేశాను, మోత కొంచెం కలిసిపోతుందని. తర్వాత సైన్ వేవ్ ఇన్వర్టర్ కొని, ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ సరిగ్గా వేయించాను. ఇన్ని పెట్టెలు కొన్నాను గానీ, నా సౌండ్‌ను అంతగా మార్చిన పెట్టె మరొకటి లేదు.

అపోహ: అనలాగ్ అయితేనే అసలు సౌండ్, డిజిటల్ అంతా ప్లాస్టిక్

అనలాగ్ అంటే శబ్దాన్ని నేరుగా కరెంటు సర్క్యూట్లతో పుట్టించేది, డిజిటల్ అంటే అంకెల లెక్కలతో పుట్టించేది. ఈ గొడవలో నేను ఎక్కువ దిగను. అనలాగ్ సౌండ్ నాకూ ఇష్టమే. కానీ దాని కష్టం కూడా తెలిసి ఇష్టపడాలి. అనలాగ్ ఆసిలేటర్ లోపలి ట్రాన్సిస్టర్లకు వేడి తగిలితే శ్రుతి కదులుతుంది. మే నెలలో మా వెనక గదిలో స్విచ్ వేసిన వెంటనే రికార్డింగ్ మొదలుపెడితే, పల్లవికీ చరణానికీ మధ్యే శ్రుతి పోతుంది. అందుకే అరగంట ముందే ఆన్ చేసి వదిలేస్తాను. డప్పును కాచడం లాంటిదే, కాకపోతే ఇక్కడ మంట దాని కడుపులోనే ఉంటుంది. డిజిటల్‌కి ఈ బాధ లేదు.

అసలు ఏ మెషిన్ గొప్పదో కంపెనీ వాళ్లకే తెలియదు. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే మెషిన్‌ని 1981లో బేస్ గిటార్ వాయించేవాళ్లు లేని చోట తోడుగా ఉంటుందని తెచ్చింది. దాని సౌండ్ బేస్ గిటార్ దరిదాపుల్లో లేదు, ఎవరూ కొనలేదు, 1984కల్లా ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని షికాగో కుర్రాళ్లు పట్టుకెళ్లి, అడ్డదిడ్డంగా గుబ్బలు తిప్పితే 1987లో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది.

అపోహ: మన రాగాలు సింథసైజర్ మీద పలకవు

"గమకం ఎలా పలుకుతుంది నాయనా, మెట్టు నొక్కితే ఒక్క స్వరమేగా" అని ఒక సంగీతం టీచర్ గారు నన్ను అడిగారు. మెట్ల వరకు ఆవిడ చెప్పింది నిజమే. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, రి, మ మధ్య ఊగుతుంది. ఉన్నదున్నట్టు ఆ మెట్టు నొక్కితే అది తోడి కాదు, తోడి అస్థిపంజరం. కానీ సింథసైజర్‌కి ఎడమ పక్కన పిచ్ బెండ్ చక్రం ఉంటుంది. మెట్లకు ఉన్నవి 0 నుంచి 127 దాకా నంబర్లే అయితే, ఆ చక్రం కదలికలో 16,384 స్థానాలు ఉంటాయి. మామూలుగా అది రెండు అరస్వరాల వరకే లాగుతుంది, నేను నాలుగుకి పెంచుకున్నాను. కుడిచేతి కంటే ఎడమచేతికే ఎక్కువ సాధన. ఆరు నెలల తర్వాత అదే టీచర్ గారికి వినిపిస్తే "గాంధారం పర్లేదు, నిషాదం ఇంకా దొంగగా ఉంది" అన్నారు. నాకు అది డిస్టింక్షన్ మార్కు.

వయొలిన్ వేరే దేశం నుంచి వచ్చిందే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తే లోకం విన్నది. కచేరీల్లో చాలామంది వెనక మోగే శ్రుతిపెట్టె ఎప్పుడో ఎలక్ట్రానిక్ అయిపోయింది. ఇక సింథసైజర్ మన దేశానికి కొత్తేం కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్లు అక్కడ చేసిన టేపులు దశాబ్దాలు బీరువాలో ఉండిపోయాయి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లోనే, అంటే షికాగో కంటే ఐదేళ్లు ముందు, అదే టీబీ-303 మీద పది రాగాలను డిస్కో బీట్‌కి కట్టాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో ఆ ఆల్బమ్ మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరు తెరిచింది.

అపోహ: అయితే నువ్వు డీజేవా

కాదు. మన దగ్గర డీజే అంటే బరాత్‌లో వచ్చే బండి, గణేశ్ నిమజ్జనానికి అద్దాలు అదిరే స్పీకర్లు. అది వేరే కష్టం, వాళ్ల మీద నాకు గౌరవమే. ప్రతి ఆగస్టులో కమిటీ పిల్లలు మాత్రం తలుపు కొడతారు.

అపోహ: పాట ఆన్‌లైన్‌లో పెడితే డబ్బులే డబ్బులు

స్పాటిఫైలో 2024 నుంచి ఒక ట్రాక్‌ను ఏడాదిలో కనీసం 1,000 సార్లు వింటేనే దానికి డబ్బు లెక్క మొదలవుతుంది. నా ట్రాకుల్లో సగానికి పైగా ఆ గీత దాటలేదు. పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో నయం, డిజిటల్ అమ్మకాల మీద వాళ్లు 15 శాతం ఉంచుకుని, చెల్లింపు ఫీజు పోను మిగతాది ఇస్తారు. ఒక్కడు ఆల్బమ్ కొన్నా మీకు పేరుతో సహా తెలుస్తుంది. స్వరకర్తలకూ పాటల రచయితలకూ రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంస్థ ఐపీఆర్‌ఎస్, అందులో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోండి, మాటలు లేని సంగీతానికి కూడా స్వరకర్త ఉంటాడు. చాలామంది "మనది సినిమా పాట కాదుగా" అని వదిలేస్తారు.

ఇంకో తలనొప్పి. ముందే రికార్డు చేసి ఎవరికైనా అమ్మే తాళం ముక్కల్ని లూప్‌లంటారు. అలాంటి ఒక లూప్ ప్యాక్ నుంచి డ్రమ్స్ తీసుకుని ట్రాక్ చేసి పెడితే, వారంలో "ఇది వేరేవాళ్ల సొత్తు" అని క్లెయిమ్ వచ్చింది. ఎవరో అదే లూప్ వాడి, నాకంటే ముందు రిజిస్టర్ చేసుకున్నారు. నేను డబ్బు పెట్టి కొన్న లూపే అని నిరూపించడానికి మూడు వారాలు టెన్షన్. అప్పటి నుంచి డ్రమ్స్ కూడా సొంతంగానే పుట్టిస్తున్నాను, ప్రాజెక్ట్ ఫైళ్లు రెండు చోట్ల దాస్తున్నాను.

అపోహ: ఇంట్లో సింథసైజర్ ఉంటే రాత్రంతా గోలే

నా పని మొత్తం హెడ్‌ఫోన్స్‌లోనే. బయటికి వినిపించేది గుబ్బల టక్‌టక్, అప్పుడప్పుడు నా తిట్లు. ఒకరోజు ఇంటి ఓనర్ ఆంటీ అద్దె కోసం వచ్చి, "బాబూ, నువ్వేదో వాయిస్తావంటారు, మూడేళ్లైంది ఎప్పుడూ వినపడదేం?" అన్నారు. హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాను. మొహమాటంగా పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు.

"మధ్యలో కుయ్‌మంటోంది, అది కుక్కర్ కూత కదూ?"

కుక్కర్ కూతే ఆంటీ. పొద్దున ఏడింటికి మీ కిటికీలోంచి వస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.