మొక్కలోని మందును వెలికితీయడం గురించి పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మీ అందరికీ ఆశీస్సులు. మందు గుణం వేరులోనో ఆకులోనో ఉన్నప్పుడు దాన్ని అందులోంచి బయటికి ఎలా తీస్తారని మీరు అడిగారు. ఔషధ మొక్కల రసాయనశాస్త్రంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక ఈ ప్రశ్న నాకెంతో ఇష్టమైనది. మొక్కను దేనిలో నానబెడతామో, ఎంత వేడి తగలనిస్తామో, దాన్నిబట్టే బయటికి ఏమి వస్తుందో నిర్ణయమవుతుంది. ఒకే ఆకు ఒకరి చేతిలో మందుగానూ, మరొకరి చేతిలో ఏ గుణమూ లేని పసరుగానూ మారడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఒక్క ఆకులో వందల పదార్థాలుంటాయి. చక్కెరలు, పిండిపదార్థం, మాంసకృత్తులు, మైనం, పత్రహరితం, టానిన్లు వంటి వాటి నడుమ మనకు కావలసిన పదార్థం నూటికి ఒకటి రెండు వంతులుంటే అది అదృష్టమే. బిళ్ళగన్నేరు ఆకుల్లో క్యాన్సర్ చికిత్సకు వాడే వింక్రిస్టిన్ ఎంత తక్కువగా ఉంటుందంటే, ఒక టన్ను ఎండుటాకు నుంచి కొద్ది గ్రాములకు మించి రాదు. మొక్క ఈ పదార్థాలను మన కోసం తయారు చేయదు. వీటిలో చాలావాటిని పురుగుల నుంచి, మేసే జంతువుల నుంచి తనను కాపాడుకోవడానికే తయారుచేసి, కణాల లోపల రిక్తికలనే చిన్న సంచుల్లోనో, నూనె గ్రంథుల్లోనో దాచుకుంటుంది. కాబట్టి కణం గోడ దాటి లోపలికి వెళ్ళగలిగే ద్రవం, లోపలున్న పదార్థాన్ని కరిగించుకుని తిరిగి బయటికి రాగలిగే ద్రవం మనకు కావాలి. దానినే ద్రావణి అంటాం.

కోసిన తరువాత కూడా ఆకులోని ఎంజైములు పనిచేస్తూనే ఉండి విలువైన పదార్థాలను విడగొట్టేస్తాయి కనుక, ఆకును త్వరగా, సాధారణంగా నీడలోనే ఎండబెడతారు. ఆ తరువాత పొడి చేస్తారు. పొడి మరీ మెత్తగా ఉంటే ద్రావణి దానిలోంచి పారక అడ్డుపడుతుంది, మరీ ముతకగా ఉంటే లోపలి దాకా చేరదు.

ద్రావణిని ఎంచుకోవడంలోనే అసలు తెలివి ఉంది. నీటికి దగ్గర స్వభావం గల పదార్థాలు నీటిలోనూ, నూనెకు దగ్గర స్వభావం గలవి హెక్సేన్, ఈథర్ వంటి ద్రవాలలోనూ కరుగుతాయి. ఆల్కహాలు ఈ రెంటికీ మధ్య ఉండి రెండు వైపుల పదార్థాలనూ కొంతవరకు తీసుకుంటుంది. అందుకే దాన్ని ఎక్కువగా వాడతారు. దీనికి నాకు తెలిసినంతలో అత్యుత్తమ ఉదాహరణ ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు కథ, కనుక దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

1967లో చైనా ప్రభుత్వం మలేరియాకు కొత్త మందు వెతకడానికి ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. అప్పటికే వాడుకలో ఉన్న క్లోరోక్విన్‌కు మలేరియా పరాన్నజీవి లొంగకుండా పోతున్న కాలమది. 1969లో ఆ పనిలో చేరిన తూ యూయూ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం పాత వైద్యగ్రంథాలు తిరగేసి ఎన్నో మొక్కలను పరీక్షించారు. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క మాచిపత్రి జాతికి చెందినది. దాని సారం ఒకసారి బాగా పనిచేసింది, మరోసారి దాదాపు పనిచేయలేదు. చాలామంది అక్కడితో ఆ మొక్కను పక్కన పెట్టేసేవారు. తూ మాత్రం నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ రాసినది మళ్ళీ చదివారు. గుప్పెడు చింగ్‌హావ్‌ను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలని ఆయన రాశాడు. కాచమని ఎక్కడా చెప్పలేదు. మామూలు కషాయాలన్నీ కాచి తీసేవే కాబట్టి, వేడే ఆ గుణాన్ని పాడుచేస్తోందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. దాంతో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ఈథర్‌ను ద్రావణిగా ఎంచుకున్నారు. మందు ప్రధానంగా ఆకుల్లోనే ఉందని కూడా బృందం గుర్తించింది. ఈథర్ సారంలోని ఆమ్ల భాగాన్ని వేరుచేసి తొలగించాక, మిగిలిన తటస్థ భాగాన్ని 1971 అక్టోబరులో మలేరియా సోకిన ఎలుకలకు ఇస్తే పరాన్నజీవులు పూర్తిగా మాయమయ్యాయి. అది వారి 191వ నమూనా. రోగులకు ఇచ్చే ముందు తూ, ఆమె సహచరులు తామే ఆ సారం తీసుకుని దాని భద్రతను చూసుకున్నారు. 1972లో స్వచ్ఛమైన స్ఫటికాలు లభించాయి. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. నన్ను ఇప్పటికీ కదిలించేది ఆ బహుమతి కన్నా, నిలకడ లేని ఫలితాన్ని చూసినప్పుడు మొక్కను కాక తాము సారం తీసిన పద్ధతిని ఆమె అనుమానించడం.

ద్రావణిని ఎంచుకున్నాక దాన్ని ఎలా వాడాలన్నది మరో ప్రశ్న. సబ్బు పట్టిన గుడ్డను బకెట్టు నీళ్ళలో ఒకేసారి ముంచడం కన్నా, అవే నీళ్ళను విడతలుగా పోసి మూడుసార్లు జాడిస్తే ఎక్కువ సబ్బు పోతుంది కదా. ఇక్కడా అంతే. లీటరు ద్రావణి ఒకేసారి పోస్తే పదో వంతు పదార్థం పొడిలో మిగిలిపోతుందనుకోండి. అదే లీటరును మూడు సమభాగాలు చేసి, పోసి తీసి, మళ్ళీ పోసి తీస్తే, లెక్క ప్రకారం 64వ వంతు మాత్రమే మిగులుతుంది. మీలో గణితం ఇష్టమైనవారు దీన్ని కాగితం మీద చేసి చూడండి. 1879లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ పాలలోని కొవ్వును కొలవడానికి తయారుచేసిన గాజు పరికరం ఈ పనినే దానంతటదే చేస్తుంది. అందులో ద్రావణి మరిగి, ఆవిరై, చల్లబడి, మళ్ళీ పొడి మీద పడుతూ ఉంటుంది. అయితే తీసిన సారం గంటల తరబడి కింది కుప్పెలో మరుగుతూనే ఉంటుంది కనుక, వేడికి చెడిపోయే పదార్థాలకు ఇది తగదు.

సింకోనా చెట్టు బెరడులోని మలేరియా మందు క్వినైన్, నల్లమందులోని నొప్పి మందు మార్ఫిన్ ఆల్కలాయిడ్లనే వర్గానికి చెందినవి. వీటికి క్షార స్వభావం ఉంటుంది, మొక్కలో ఆమ్లాలతో కలిసి లవణాలుగా ఉంటాయి. లవణంగా ఉన్నప్పుడు నీటిలో కరుగుతాయి. క్షారం కలిపి ఆ ఆమ్లాన్ని విడదీస్తే నీటిని వదిలేస్తాయి. ఆమ్లంతో నీటిలోకి, క్షారంతో తిరిగి బయటికి ఇలా రెండు మూడు సార్లు మార్చితే, ఈ మార్పుకు లొంగని మైనం, పత్రహరితం వంటివి వెనకబడిపోతాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఇరవయ్యేళ్ళు దాటీ దాటని జర్మన్ ఔషధశాల సహాయకుడు ఫ్రీడ్రిక్ జెర్ట్యూర్నర్ నల్లమందు ద్రావణంలో అమ్మోనియా కలిపి మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1820లో పారిస్‌లో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్వినైన్‌ను తీశారు.

ఇంత శ్రమ ఎందుకు, ఆకునే తినవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మోతాదు కోసమే ఈ శ్రమంతా. ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకు, గుండె బలహీనత వల్ల తరచూ వచ్చే ఒళ్ళువాపుకు మేలు చేస్తుందని 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ వివరంగా రాశాడు, కానీ దానిలో మేలు చేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. పైగా మొక్కలోని మందు బలం ఋతువును బట్టి, నేలను బట్టి మారుతుంది. పదార్థాన్ని వేరుచేస్తేనే దాన్ని తూచి ఇవ్వగలం. కాబట్టి ప్రకృతి నుంచి వచ్చింది గనుక హాని చేయదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎవరికివారు ఆకులు కాచి మందుగా తాగడం ప్రమాదకరం.

మొక్క సంగతి కూడా మరచిపోకూడదు. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు మొదట పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చేది. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. తరువాత యూరప్ యూ చెట్టు ఆకుల్లో దొరికే దగ్గరి పదార్థాన్ని తీసి, దాన్ని ప్రయోగశాలలో పాక్లిటాక్సెల్‌గా మార్చే మార్గం కనుగొన్నారు. ఆకులు మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి ఇది న్యాయమైన పద్ధతి అని నా అభిప్రాయం.

ఈథర్, హెక్సేన్, మిథనాల్ మీరు ముట్టుకోవలసినవి కావు. మొదటి రెండూ ఇట్టే అంటుకుంటాయి, మూడోది విషం. మీ ఉపాధ్యాయుల సమక్షంలో, దగ్గర మంటేదీ లేకుండా, పచ్చి ఆకును నలిపి కొద్దిగా స్పిరిట్‌లో నానబెట్టి, అందులో వడపోత కాగితం కొసను ముంచి నిలబెట్టండి. ద్రవం పైకి పాకేకొద్దీ ఆకుపచ్చ చార ఒకచోట, పసుపు చార మరోచోట విడిపోతాయి. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుద్దపొడి నింపిన గొట్టంలో చేసినది ఇలాంటి ప్రయోగమే, దానికే క్రోమటోగ్రఫీ అని పేరు. ఒక సారంలోని పదార్థాలను విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా పరీక్షించి, గుణం ఎందులో ఉందో పట్టుకోవడానికి ఇప్పటికీ దాన్నే వాడతారు. మీకు ఎన్ని చారలు కనిపించాయో, ఏ ఆకు తీసుకున్నారో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య