‘వ్యాపారం అనుకూలిస్తేనే’: బ్రిటన్ ఉక్కు కథకు తోక తగిలించిన 1988

2025 ఏప్రిల్ 12, శనివారం. సెలవుల్లో ఉన్న ఎంపీలను హడావుడిగా పిలిపించి, స్కంథార్ప్ ఉక్కు ఫ్యాక్టరీని నడిపించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ బ్రిటన్ ఒక్క రోజులో చట్టం చేసింది. అక్కడి నాలుగు బ్లాస్ట్ ఫర్నేస్‌లకూ (ముడి ఇనుము కరిగించే భారీ కొలిములకు) రాణుల పేర్లే. అప్పటికి మండుతున్నవి రెండు: క్వీన్ బెస్, క్వీన్ ఆన్. వీటిని గ్యాస్ పొయ్యిలా కట్టేసి మళ్లీ వెలిగించడం కుదరదు. చల్లారితే లోపలి ఇనుము గడ్డకట్టుకుపోతుంది. అందుకే చైనా యజమాని జింగ్యే ముడిసరుకు ఆర్డర్లు ఆపేస్తోందని తెలియగానే లండన్‌కు టెన్షన్ పట్టుకుంది. రోజుకు 7 లక్షల పౌండ్ల నష్టం భరించలేమన్నది జింగ్యే వాదన.

1967లో ఉక్కు పరిశ్రమ జాతీయీకరణ, 1980 ఉక్కు కార్మికుల సమ్మె, ప్రధాని థాచర్ పట్టుదల... ఇవన్నీ చాలాసార్లు విన్నవే. అసలు మలుపు 1988 డిసెంబర్‌లో ఉంది.

ప్రభుత్వ ఉక్కు కంపెనీ బ్రిటిష్ స్టీల్‌ను షేర్ మార్కెట్లో అమ్ముతున్నప్పుడు స్కాట్లండ్‌లోని మదర్‌వెల్ జనానికి ఒకటే బెంగ, మా రేవెన్స్‌క్రెగ్ ఉక్కు ప్లాంటు ఉంటుందా పోతుందా అని. 1994 దాకా అక్కడ ఉక్కు తయారవుతుందని కంపెనీ మాటిచ్చింది. ఆ మాటకో తోక: వ్యాపార పరిస్థితులు అనుకూలిస్తేనే. అంతకు ఆరేళ్ల ముందు, 1982లో, ఐదు పెద్ద ప్లాంట్లనూ కొనసాగిస్తామని పార్లమెంటులో చెప్పింది మంత్రి ప్యాట్రిక్ జెంకిన్. అప్పుడు నిలదీయడానికి ఓ మంత్రి ఉన్నాడు. 1988 తర్వాత ఉన్నది కంపెనీ బోర్డు.

రేవెన్స్‌క్రెగ్ కార్మికులు చేయనిది లేదు. 1984-85లో గని కార్మికుల సమ్మె నడుస్తుంటే, ఫర్నేస్ చచ్చిపోకూడదని దారికి అడ్డం నిలబడ్డ సమ్మెకారుల (పికెటింగ్) మధ్య నుంచే లారీల్లో బొగ్గు తెప్పించుకున్నారు. సాటి కార్మికుల చేత తిట్లు తిన్నారు. అయినా 1990 మేలో అక్కడి స్ట్రిప్ మిల్లు (ఉక్కును రేకులుగా సాగదీసే విభాగం) మూసేస్తామని కంపెనీ ప్రకటించింది. థాచర్ కేబినెట్‌లోనే ఉన్న స్కాట్లండ్ మంత్రి మాల్కం రిఫ్కిండ్ బహిరంగంగా తప్పుపట్టినా లాభం లేకపోయింది. అది కంపెనీ ఇష్టమని ప్రభుత్వం చేతులు దులుపుకుంది. 1992 జూన్‌లో, గడువుకు రెండేళ్ల ముందే, ప్లాంటే మూతపడింది.

కంపెనీ లెక్క వేరు. 1958లో ఒక్క మిల్లు చాలినచోట ప్రధాని మాక్‌మిలన్ ప్రభుత్వం వేల్స్‌నూ స్కాట్లండ్‌నూ మెప్పించడానికి రెండు పెట్టించిందనీ, ఆ భారం ఎప్పుడో దించుకోవాల్సిందేననీ అంటారు. నిజమే, కాదనలేం.

కానీ జెంకిన్ చెప్పిన ఐదింటి గతి చూడండి. రేవెన్స్‌క్రెగ్ 1992లో పోయింది. లాన్‌వెర్న్‌లో ఉక్కు తయారీ 2001లో ఆగింది. రెడ్‌కార్ 2015లో మూతపడింది. పోర్ట్ టాల్బోట్‌లో చివరి ఫర్నేస్‌ను మన టాటా స్టీల్ 2024 సెప్టెంబర్ 30న ఆర్పేసింది, దాని బదులు ఎలక్ట్రిక్ ఫర్నేస్ పెడుతోంది. మిగిలింది స్కంథార్ప్. దాన్నీ 2016లో ఒక్క పౌండుకు అమ్మింది టాటాయే. కొన్న పెట్టుబడి సంస్థ గ్రేబుల్ చేతిలో మూడేళ్లకే దివాలా తీసింది, 2020లో జింగ్యేకి చేరింది. యజమాని మారిన ప్రతిసారీ తోక ఉన్న హామీలే.

2025 ఏప్రిల్‌లో ఇమ్మింగ్‌హామ్ రేవుకు వచ్చిన బొగ్గుకు డబ్బు కట్టింది ప్రభుత్వం. ఫ్యాక్టరీ కాగితాలు మాత్రం అప్పటికింకా జింగ్యే పేరు మీదే ఉన్నాయి.