నీడ పొట్టిగా ఉన్నప్పుడు

మా మేనకోడలికి ఏడో నెల. మొన్న ఫోన్ చేసింది. "మావయ్యా, గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకి రక్తం తీశారు. షుగర్ 156 వచ్చింది. 140 దాటకూడదట. డి విటమిన్ చూస్తే 11, బాగా తక్కువట. రోజూ పొద్దున్నే మేడ మీద లేత ఎండలో కూర్చుంటే రెండూ సర్దుకుంటాయని అత్తయ్య అంటున్నారు. నిజమేనా?"

ముందు ఆ లేత ఎండ సంగతి తేల్చాలి. నాకు మహా ఇష్టమైన విషయం అది.

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని డి విటమిన్ దారి పట్టించేవి 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ కిరణాలు, అంటే ఎండలో ఉండే, కంటికి కనబడని ఒక రకం అతినీలలోహిత కిరణాలు. వీటిని ఓజోన్ మింగేస్తుంది. పొద్దున ఏడింటికి సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు కాబట్టి కిరణాలు ఓజోన్ పొరను అడ్డంగా, చాలా దూరం దాటుకుని రావాలి. వెలుతురు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, యూవీబీ మాత్రం దారిలోనే ఖర్చయిపోతుంది. తిరుపతిలో పరిశోధకులు ఈ పదార్థాన్నే చిన్న ఆంపూల్స్‌లో నింపి, ఎండలో పెట్టి గంట గంటకీ కొలిచారు. ఏడాది పొడవునా ఎక్కువ మార్పు జరిగింది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యే.

లెక్కలెందుకు, నీడ చూసుకుంటే చాలు. నీడ మనకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండలో డి పెద్దగా తయారుకాదు. పొట్టిగా ఉంటే అవుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే మిట్టమధ్యాహ్నమైనా దండగే, అద్దం యూవీబీని ఆపేస్తుంది. చామనఛాయ వాళ్లకి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. అలాగని మే నెలలో నిండు గర్భిణిని పన్నెండింటికి మేడెక్కించలేం కదా! అందుకే డాక్టర్లు డి విటమిన్ పొడి ఉండే సాచెట్ రాస్తారు. (గ్రహణం రోజు గర్భిణి బయటికొస్తే బిడ్డకి మొర్రి వస్తుందని తలుపులు వేసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు.)

ఇక షుగర్. మాయ (కడుపులో బిడ్డకి తిండి అందించే ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. తల్లి కణాలు వాడుకోగా బిడ్డకి గ్లూకోజ్ తక్కువ కాకూడదని ఆ ఏర్పాటు. క్లోమంలోని బీటా కణాలు దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచాలి. అక్కడ జరిగేదిది: గ్లూకోజ్ లోపలికెళ్తే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) పెరుగుతుంది, పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, లోపలికి దూకిన కాల్షియం ఇన్సులిన్ సంచుల్ని బయటికి నెడుతుంది. కాల్షియం పనులు చక్కబెట్టే వాటిలో డి విటమిన్ ఒకటి. పైగా బీటా కణాల్లో డి విటమిన్‌ని పట్టుకునే గ్రాహకాలున్నాయి. కాబట్టి డి తగ్గితే షుగర్ పెరుగుతుందన్న ఊహ ఊరికే పుట్టలేదు.

డి తక్కువున్న గర్భిణుల్లో షుగర్ ఎక్కువగా కనిపిస్తుందన్నదీ నిజమే. కానీ ఒళ్లు ఎక్కువుంటే డి కొవ్వులో దాక్కుని రక్తంలో తక్కువ కనిపిస్తుంది. ఆ ఒళ్లే షుగర్‌నీ తెస్తుంది. ఇంట్లోంచి కదలకపోయినా అంతే, ఎండా ఉండదు, నడకా ఉండదు. అంటే రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. గర్భిణులు కాదు గానీ, షుగర్ అంచున ఉన్న 2,423 మందితో అమెరికాలో చేసిన పెద్ద ప్రయోగం ఫలితం 2019లో వచ్చింది. రోజుకి 4,000 యూనిట్ల డి ఇచ్చినా షుగర్ ఆగిందని గట్టిగా చెప్పగలిగే తేడా రాలేదు. కనుక లోపానికి డి వేసుకోవాల్సిందే, షుగర్‌కి మాత్రం తిండీ, నడకా, అవసరమైతే ఇన్సులినూ.

కాన్పయ్యాక మాయ బయటికొచ్చేస్తుంది, చాలామందికి కొద్ది రోజుల్లోనే షుగర్ దిగిపోతుంది. అసలు మోసం ఇక్కడే. ఇలాంటి తల్లులకి ముందు ముందు టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు మిగతా వాళ్లకంటే ఏడు రెట్లకు పైనే. మనవాళ్లేమో బాలింతని చెవుల్లో దూదిపెట్టి, తలుపులేసిన గదిలో పడుకోబెడతారు. అక్కడ పొట్టి నీడా లేదు, పొడుగు నీడా లేదు. తల్లిపాలలో డి ఎటూ తక్కువే, పసివాళ్లకి రోజుకి 400 యూనిట్ల చుక్కలు వేయమనేది అందుకే.

పిల్లకి ఒకటే చెప్పాను. బిడ్డకి ఆరో వారం టీకా ఉంటుంది కదా, ఆ కార్డు మీదే పెన్నుతో రాసి పెట్టుకో: "అదే రోజు అమ్మకి గ్లూకోజ్ నీళ్లు."